దేవుణ్ణి పోలి నడుచుకోవడం: ఒంగోలు క్లౌ దొర జీవితం

ఎం.ఏ. (చరిత్ర), హాస్టల్ పూర్వ విద్యార్థి

వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాసివ్వమని సంపాదకవర్గం వారు అడిగారు. అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి, జాషువా గారి గురించి మిత్రులు ఎలాగూ రాస్తారు. అందుకని నేను జాన్ ఎవరెట్ క్లౌ గారిని ఎంచుకున్నాను. ప్రకాశం జిల్లా వైపు పాతతరం వాళ్లు ఆయన్ని క్లౌ దొర అనేవారు. ఒంగోలు వెళ్లినవారు ఆయన పేరుతో కట్టిన ఆసుపత్రి గురించి వినే ఉంటారు. కానీ ఆ పేరు వెనక ఉన్న మనిషి కథ మనలో చాలామందికి తెలియదు.

ముందుగా ఒక మాట. ఇది మతప్రచారం కోసం రాసింది కాదు. మన హాస్టల్లో అన్ని మతాల పిల్లలూ ఒకే వరుసలో కూర్చుని తింటారు. నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టాను కాబట్టి నాకు తెలిసిన వైపు నుంచి రాస్తున్నాను. ఎవరి విశ్వాసం వారు ఉంచుకుని చదవండి.

క్రైస్తవులు గుడిలో తరచుగా వినే మాట ఒకటుంది. దేవుణ్ణి పోలి నడుచుకోవాలి అని. పౌలు ఎఫెసు సంఘానికి రాసిన లేఖలో ఈ సంగతి ఉంది. ముద్దుబిడ్డలు తండ్రిని చూసి నేర్చుకున్నట్టు దేవుణ్ణి చూసి నేర్చుకోమని దాని భావం. చిన్నప్పుడు ఈ మాట నాకు ఎంతకీ అర్థమయ్యేది కాదు. నాన్న గొడ్డలి పట్టుకుంటే మనమూ ఓ కర్రముక్క పట్టుకుని అలాగే చేస్తాం. కానీ దేవుణ్ణి ఎలా పోలడం? మనం లోకాన్ని చేయలేం, వాన కురిపించలేం. అందుకే చాలామంది తేలిక దారి వెతుక్కుంటారు. తెల్లబట్టలు వేసుకోవడం, మెల్లగా మాట్లాడటం, పదిమంది చూసేటప్పుడు కళ్లు మూసుకోవడం. క్లౌ గారి జీవితం చదివాక నాకు ఈ ప్రశ్నకు వేరే జవాబు దొరికింది. ఆ జవాబు గుడిలో కంటే ఎక్కువగా ఒక కాలువ గట్టు మీద ఉంది.

సర్వే గొలుసు నుంచి ఒంగోలు దాకా

క్లౌ గారు 1836 జూలై 16న అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఫ్రూస్‌బర్గ్ దగ్గర జన్మించారు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున తెలుగువారి కోసం శామ్యూల్ డే అనే మొదటి మిషనరీ మన దేశంలో అడుగుపెట్టింది కూడా అదే సంవత్సరం.

క్లౌ గారిది సామాన్య కుటుంబం. వాళ్లు బతుకుతెరువు కోసం పడమటి రాష్ట్రాలకు తరలివెళ్లారు. కుర్రవాడిగా ఉండగానే ఆయన మిన్నెసోటా అడవుల్లో ప్రభుత్వ భూమి సర్వే చేసే బృందంలో చేరారు. గొలుసు లాగడంతో మొదలుపెట్టి, కొలతలు నేర్చుకుని, సర్వేయరు స్థాయికి ఎదిగారు. లాయరు కావాలని, రాజకీయాల్లోకి వెళ్లాలని ఆయన ఆశ. ఆ ఆశతోనే అయోవా రాష్ట్రంలోని బర్లింగ్టన్‌లో కళాశాలలో చేరారు. అక్కడే మనసు మారి క్రైస్తవ విశ్వాసంలోకి వచ్చారు. 1862లో అప్పర్ అయోవా విశ్వవిద్యాలయం నుంచి పట్టభద్రులయ్యారు.

ఆ రోజుల్లో మిషన్ వారికి తెలుగు దేశంలో నెల్లూరు ఒక్కటే కేంద్రం. ఏళ్ల తరబడి పనిచేసినా చేరినవారు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. పటం మీద ఒంటరి చుక్కలా ఉంది కాబట్టి దాన్ని ఒంటరి నక్షత్రం అనేవారు. ఆ కేంద్రాన్ని మూసేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. అయినా నెల్లూరులో ఉన్న లైమన్ జ్యూయెట్ గారు ఆశ వదులుకోలేదు. ఆయన, ఆయన భార్య, మరి ముగ్గురు తెలుగు క్రైస్తవులు కలిసి 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేశారు. ఆ ఊరికి ఒక మనిషిని పంపమని అడిగారు. అప్పటికి క్లౌ గారికి పదిహేడేళ్లు. ఆయనకు ఒంగోలు అనే ఊరు ఉందని కూడా తెలియదు.

పదేళ్ల తర్వాత, 1864 చివర్లో, సెలవు ముగించుకుని తిరిగి వస్తున్న జ్యూయెట్ గారితో కలిసి క్లౌ గారు ఓడ ఎక్కారు. భార్య హ్యారియెట్ గారు కూడా వెంట ఉన్నారు. 1865 ఏప్రిల్‌లో మద్రాసు చేరారు. నెల్లూరులో ఉండి తెలుగు నేర్చుకున్నారు. 1866 సెప్టెంబరులో ఒంగోలుకు కాపురం మార్చారు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడింది. అందులో సభ్యులు ఎనిమిది మంది.

మనవాడు ముందు నడిచాడు

ఇక్కడ ఒక తెలుగు పేరు చెప్పకపోతే ఈ కథ తప్పుడు కథ అవుతుంది. ఆ పేరు ఎర్రగుంట్ల పేరయ్య. ఊరు తాళ్లకొండపాడు, ఒంగోలుకు నలభై మైళ్ల దూరం. మాదిగ కులస్తుడు, తోళ్ల వ్యాపారి. చదువులేకపోయినా దేవుడి కోసం వెతికిన మనిషి. యోగ గురువుల దగ్గర శిష్యరికం చేశాడు. తోళ్ల బేరానికి ఉత్తరాన గోదావరి వైపు వెళ్లినప్పుడు క్రీస్తును గురించి విన్నాడు. తిరిగివచ్చి, తన ఊళ్లో, చుట్టుపక్కల పల్లెల్లో తనే చెప్పడం మొదలుపెట్టాడు. 1866లో పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. 1867 జనవరిలో క్లౌ గారు తాళ్లకొండపాడు వెళ్లేసరికి జనం సిద్ధంగా ఉన్నారు. చింతతోపులో కొన్ని రోజులు కూటాలు జరిగాయి. చివర్లో 28 మంది బాప్తిస్మం పొందారు. దొర వచ్చి నాటాడని చెప్పుకుంటాం గానీ దుక్కి దున్నింది పేరయ్య.

అప్పుడే పరీక్ష వచ్చింది. ఒంగోలులో క్లౌ గారి బడికి అగ్రకులాల పిల్లలు వస్తున్నారు. పెద్దమనుషులు కూడా ఆయనతో స్నేహంగా ఉన్నారు. మాదిగల్ని చేర్చుకుంటున్నారని తెలియగానే వాళ్లు కబురు పెట్టారు. వీళ్లను చేర్చుకుంటే మేం రాము, మా పిల్లల్ని పంపము అని దాని సారాంశం. మామూలు లెక్క ప్రకారం చూస్తే పలుకుబడి ఉన్నవాళ్లను వదులుకోవడం తెలివితక్కువ. పై నుంచి కిందికి పోవడం సులభమని అప్పటి మిషనరీలలో చాలామంది నమ్మకం కూడా. క్లౌ గారికి ఏం చేయాలో తోచలేదు.

ఆ రోజు భార్యాభర్తలిద్దరూ వేర్వేరు గదుల్లో బైబిలు తెరిచారని, ఇద్దరికీ ఒకే భాగం కనిపించిందని ఆ కుటుంబం చెప్పుకున్న కథ. అది కొరింథీయులకు రాసిన మొదటి లేఖ మొదటి అధ్యాయం. లోకం తక్కువగా చూసేవాళ్లనే దేవుడు ఎన్నుకున్నాడని అందులో ఉంది. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకుని నిర్ణయించుకున్నారు. దేవుడు ఎవరివైపు మొదట నడిచాడో మనమూ అటే నడవాలి అని. అగ్రకులాల పిల్లలు బడి మానేశారు. క్లౌ గారు మాదిగపల్లెల దారి పట్టారు.

తమ్ముళ్లూ, దేవుణ్ణి పోలడం అన్నదానిలో మొదటి మెట్టు ఇదే అని నాకు అనిపిస్తుంది. ఎవరి పక్కన కూర్చోవాలో తేల్చుకోవడం.

ఆ నిర్ణయానికి ఎక్కువ మూల్యం చెల్లించింది పల్లె జనమే. చేరినవాళ్లు ఆదివారం పనికి వెళ్లమన్నారు. చచ్చిన గొడ్డు మాంసం తినమన్నారు. జాతరలో డప్పు కొట్టమన్నారు. ఈ మూడు మాటలతో ఊళ్లు మండిపోయాయి. నీళ్లు తోడుకోనివ్వలేదు, అంగడిలో సరుకు అమ్మలేదు, దొంగతనాల కేసులు బనాయించారు. క్లౌ గారు అధికారుల దగ్గరికి వెళ్లి వాళ్ల తరఫున నిలబడ్డారు. లాయరు కావాలనుకున్న మనిషి ఆ విధంగా లాయరయ్యారనుకోవచ్చు.

ధాత కరువు

1876లో వానలు పడలేదు. తెలుగు సంవత్సరం పేరుతో మన పెద్దలు దాన్ని ధాత కరువు అన్నారు. 1878 దాకా దక్షిణ దేశం అల్లాడిపోయింది. గింజలు రైళ్లలో ఓడల్లో తిరుగుతూనే ఉన్నాయి, కానీ కొనే డబ్బు కూలివాడి చేతిలో లేదు. మొదట పస్తులు పడింది భూమి లేనివాళ్లే. కరువు వెనకే కలరా వచ్చింది. దక్షిణ దేశమంతటా లక్షల ప్రాణాలు పోయాయి.

అప్పటి మద్రాసు గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం. సముద్రతీరం వెంట మద్రాసును కృష్ణా డెల్టా కాలువలతో కలిపే పనిని ప్రభుత్వం కరువు పని కింద చేపట్టింది. ఆ కాలువకే తర్వాత ఆయన పేరు వచ్చింది. మనం ఈరోజు బకింగ్‌హాం కాలువ అంటున్నది అదే. కడుపు నింపుకోవడానికి వేలమంది ఆ పనికి పోయారు. కానీ అక్కడ మేస్త్రీల దయ మీద బతకాలి. కొట్టేవాళ్లు, తిట్టేవాళ్లు, కూలీలో కోత పెట్టేవాళ్లు. మాల మాదిగల గతి ఇంకా అన్యాయం.

క్లౌ గారు ఇంజనీర్ల దగ్గరికి వెళ్లి మూడు నాలుగు మైళ్ల పొడవు కాలువ తవ్వే కాంట్రాక్టు తనే తీసుకున్నారు. చిన్నప్పుడు నేర్చుకున్న సర్వే విద్య అక్కడ పనికొచ్చింది. కాలువ గట్టున గుడిసెలు వేయించి, నీళ్లకు ఏర్పాట్లు చేసి, పని మొదలుపెట్టారు. తన దగ్గరున్న తెలుగు బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టారు. ఒక్కో బోధకుడికి ఒక్కో గుంపు. మగవాళ్లు తవ్వుతుంటే ఆడవాళ్లు తట్టలతో మట్టి మోసేవారు. ఆ పనికి వచ్చినవారిలో క్రైస్తవులు ఉన్నారు, కానివారు ఉన్నారు, రకరకాల కులాలవారు ఉన్నారు. ఆకలితో వచ్చినవాళ్లకు పని దొరికింది, చేసిన పనికి కూలీ దొరికింది. పొద్దున బైబిలు చదివి చెప్పే మనిషే పగలు మట్టి కొలిచాడు, సాయంత్రం కూలీ ఇచ్చాడు.

ఈ సంగతి చదివినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు కూర్చున్నాను. ఎందుకంటే మట్టి కొలత అంటే ఏమిటో నాకు తెలుసు. ఉపాధి హామీ పనుల కాలంలో మా అమ్మ చెరువు మట్టి తవ్వింది. కొలత సరిగ్గా పడిన వారానికి, పడని వారానికి మధ్య తేడా మా ఇంట్లో కూరగిన్నెలో కనిపించేది. కొలిచే మనిషి చేతిలో టేపు ఒక జానెడు జారితే ఎవరి పిల్లల కడుపు ఎంత మాడుతుందో ఆ మనిషికి తెలియకపోవచ్చు, మాకు తెలుసు. అందుకే క్లౌ గారి ప్రసంగాల కంటే ఆ సరైన కొలతే నాకు పెద్ద బోధగా కనిపించింది. దేవుడు మంచివాడి పొలం మీద, చెడ్డవాడి పొలం మీద ఒకేలా వాన కురిపిస్తాడని యేసు కొండమీద చెప్పాడు. వాన కురిపించడం మనిషి వల్ల కాదు. కానీ టేపు పట్టుకున్నప్పుడు మనిషి మనిషికీ మారకుండా పట్టుకోవడం మన చేతిలో పనే.

బాప్తిస్మం ఆపిన బోధకుడు

ఇప్పుడు ఈ జీవితంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. కాలువ పని రోజుల్లో జనం గుంపులు గుంపులుగా వచ్చి మమ్మల్ని చేర్చుకోమని అడిగారు. మతం పెంచుకోవడమే ఉద్దేశమైతే అంతకంటే మంచి అవకాశం ఉండదు. ఆకలిగా ఉన్నవాడు ఏ మాటకైనా తల ఊపుతాడు. కానీ క్లౌ గారు కుదరదన్నారు. ఏడాదికి పైగా ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నానికి విశ్వాసాన్ని వెల కట్టకూడదని ఆయన పట్టుదల. కూలీ కావాలా తీసుకో, గింజలు కావాలా తీసుకో, దానికి బదులుగా నీ దేవుణ్ణి నాకు ఇవ్వక్కరలేదు అన్నట్టు ఆయన ప్రవర్తించారు.

1878 నాటికి కరువు తగ్గుముఖం పట్టింది. సహాయం పని ముగిసింది. ఇక ఇచ్చేందుకు నా దగ్గర డబ్బు లేదు, మీ ఊళ్లకు వెళ్లండి అని ఆయన కబురు చేసినా జనం కదల్లేదు. మాకు డబ్బు అక్కర్లేదు, చేర్చుకుంటే చాలు అన్నారు. అప్పుడు ఆయనకు కాదనడానికి కారణం లేకపోయింది. ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జనం చేరారు. బోధకులు తమ తమ పల్లెలవారిని పేరుపేరునా పరీక్షించి జాబితాలు రాసుకున్నారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. నీళ్లలో దిగింది క్లౌ గారు కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరేసి చొప్పున వంతులు మారుతూ ఆ పని చేశారు. ఆ ఏడాది ముగిసేసరికి చేరినవారి సంఖ్య తొమ్మిది వేలు దాటింది. 1880ల మొదట్లో ఒంగోలు సంఘం ఇరవై వేలు దాటి, లోకంలోని బాప్టిస్టు సంఘాలన్నిటిలో పెద్దదని పేరు తెచ్చుకుంది.

విమర్శలు రాకపోలేదు. అన్నం కోసం చేరారని ఇక్కడివాళ్లు ఎగతాళి చేశారు. ఒక్కరోజులో ఇంతమందా అని అమెరికాలో అనుమానించారు. కానీ అన్నం పెడుతున్న రోజుల్లో తలుపు మూసి, అన్నం అయిపోయాక తెరిచిన మనిషిని ఆ మాట అనడం న్యాయం కాదు. చేరినవాళ్లను అనడం అసలే న్యాయం కాదు. వాళ్లు తిండి కోసం కాదు, తమను పేరు పెట్టి పిలిచే చోటు కోసం వచ్చారు. ఊళ్లో పేరు చివర గౌరవంగా ఒక అక్షరం కూడా తగిలించుకోనివ్వని రోజుల్లో, వాళ్ల పేర్లు ఒక పుస్తకంలోకి ఎక్కాయి.

తర్వాత సంవత్సరాల్లో క్లౌ గారు బళ్ల మీద దృష్టి పెట్టారు. పల్లెల్లో చిన్న బళ్లు పెరిగాయి. ఆడపిల్లలూ అక్షరాలు దిద్దారు. 1880లో ఒంగోలులో హైస్కూలు మొదలైంది. చివరి ఏళ్లలో ఆయన సరిగా నడవలేని స్థితికి వచ్చినా ఒంగోలును అంటిపెట్టుకునే ఉన్నారు. 1910 నవంబరు 24న అమెరికాలోని రోచెస్టర్‌లో కన్నుమూశారు. హ్యారియెట్ గారు పోయాక ఆయన పెళ్లి చేసుకున్న ఎమ్మా రౌషెన్‌బుష్ గారు మాదిగల జీవితాల మీద 1899లో ఒక పుస్తకం, క్లౌ గారి జీవితకథగా 1914లో మరో పుస్తకం ప్రచురించారు. పేరయ్య వంటివారి సంగతులు మనకు మిగిలింది ఆ పుస్తకాల వల్లే.

దేవుడు కాదు, మనిషే

ఆయన్ని దేవుడిలా చూపడం నా ఉద్దేశం కాదు. క్లౌ గారు తెల్లదొర. ఆ రంగు వల్లే కలెక్టర్లు ఆయన మాట విన్నారు. పేరయ్య వెళ్లి చెబితే గుమ్మం దగ్గరే ఆపేవారు. అలాగే, గుండ్లకమ్మ నీళ్లతో కులం కొట్టుకుపోలేదు. సంఘాల లోపల కూడా కులం మిగిలింది, ఇవాళ్టికీ మిగిలే ఉంది. ఒక మనిషి చేసిన పనికి హద్దులుంటాయి. దేవుణ్ణి పోలడం అంటే దేవుడైపోవడం కాదు కదా. కర్రముక్కను గొడ్డలనుకునే పిల్లవాడి పని లాంటిదే అది. పని చిన్నదే, కానీ చూపు నాన్న వైపు ఉంటుంది.

ఇక మన సంగతి. మనకు కాలువలు తవ్వించే అవకాశం రాకపోవచ్చు. కానీ మన హాస్టల్లో కూడా కొలతలున్నాయి. స్టోర్ రూంలో బియ్యం తూచే రోజు మెస్ లీడరు చేతిలో కొలత ఉంటుంది. వడ్డించేటప్పుడు గరిటె పట్టినవాడి చేతిలో కొలత ఉంటుంది. స్నేహితుడి కంచంలోకి కూర ముక్కలు, కొత్తగా చేరిన ఐదో తరగతి పిల్లాడి కంచంలోకి నీళ్లు పోసే గరిటె మనకు తెలియనిది కాదు. అక్కడ సరిగా వడ్డించినవాడు ఆ పూటకు దేవుణ్ణి పోలి నడిచినట్టే. జ్వరమొచ్చిన పిల్లాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లి, తర్వాత వాడిచేత బట్టలు ఉతికించుకోనివాడు కూడా అంతే. లెక్కలు రాని తమ్ముడికి రాత్రి పూట చెప్పి, ఆ సంగతి మళ్లీ ఎత్తనివాడు కూడా అంతే. ఇచ్చి, ఇచ్చినదానికి వెల అడగకపోవడం క్లౌ గారి దగ్గర మనం నేర్చుకోవలసిన పెద్ద పాఠం.

మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాణ్ణి నేనే. మీలో చాలామంది కూడా మీ ఇళ్లలో మొదటివారే అవుతారు. రేపు మనలో కొందరు మస్టరు రాసే ఉద్యోగాల్లోకి, పింఛన్లు ఇచ్చే ఉద్యోగాల్లోకి, బడిలో హాజరు వేసే ఉద్యోగాల్లోకి వెళ్తాం. తరతరాలుగా మన పెద్దలు టేపుకు అవతలి వైపు నిలబడ్డారు. మనం మొదటిసారి టేపు పట్టుకునే వైపుకు వెళ్తున్నాం. అప్పుడు మన ఎదుట ఒక ముసలమ్మ నిలబడుతుంది. ఆమె ఏ కులమో, ఏ మతమో, ఎవరికి ఓటు వేసిందో అడగకుండా ఆమెకు రావలసింది ఆమె చేతిలో పెట్టగలిగితే మనం చదివిన చదువుకు అర్థం ఉంటుంది.

పరీక్షలు దగ్గరపడుతున్నాయి. బాగా చదవండి. పక్కవాణ్ణి చదివించండి. అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.